సుద్దగీతల పడవ

మా ఆయన వల్ల ఇంతవరకూ ఏ తప్పూ జరగలేదు. ఇరవై నాలుగేళ్ళ కాపురంలో నేను కళ్ళారా చూసిన సంగతి ఇది. తల గుమ్మానికి కొట్టుకుంటే గుమ్మం పొట్టిది. కూరలో ఆయనే రెండుసార్లు ఉప్పు వేస్తే ఉప్పుడబ్బా మూత వదులు. దారి తప్పితే ఎవరో చెప్పాపెట్టకుండా రోడ్డు మార్చేశారు. ఇళ్ళ ప్లాన్లు గీసే ఉద్యోగం కదా, గీత వంకరపోతే స్కేలు వంకర గానీ చెయ్యి వంకర కాదు. ఇలాంటి నిర్దోషితో కాపురం ఎంత కష్టమో చెబితే మీరు నన్నే అంటారని ఇన్నాళ్ళూ ఊరుకున్నాను.

ఆ నిర్దోషి మూడు వారాల కిందట మా ముందుగది నేలమీద సుద్దముక్కతో పడవ గీశారు.

నిజం పడవ ఎంతో అంత. ఇరవై రెండు అడుగులు. గది చాలక పడవ ముక్కు వంటింట్లోకి వచ్చింది. రేవులో ఒకావిడ తన పాత క్యాబిన్ పడవ అమ్ముతోందట. కొనేముందు అందులో బతికి చూడాలిట. బెర్తు ఇక్కడ, పొయ్యి ఇక్కడ, ప్రెషర్ కుక్కరంత మరుగుదొడ్డి అక్కడ. ఎవరైనా గీత మీంచి దాటితే, “అటు కాదు, తలుపు ఇటుంది” అనేవారు. మూడు వారాలుగా నేను పడవ చుట్టూ ఊడుస్తున్నాను.

శుక్రవారం సాయంత్రం అత్తగారు వెళ్ళి ఇంజిన్ మీద కూర్చున్నారు.

అంటే గీసిన ఇంజిన్ మీద. కుర్చీ వేసుకుని, చేతికర్ర ఒళ్ళో పెట్టుకుని, సమ్మె చేసే మనిషిలాగా.

“నీ మొగుడితో చెప్పు. ఇంజిన్ చిన్నోడు చూస్తేనే నేను లేస్తాను.”

నా మొగుడు మూడడుగుల దూరంలో బెర్తులో కూర్చుని పేపరు చదువుకుంటున్నారు.

“అమ్మతో చెప్పు. ఇంజిన్ చూడ్డం నాకూ వచ్చు. నలభై ఒక్క ప్రశ్నలు రాసుకున్నాను.”

చెప్పాను. నేను నోరు తెరిచేలోపే ఇద్దరికీ వినిపిస్తుంది గనక నా పని వట్టి ముద్ర వెయ్యడమే. శనివారమంతా ఇదే ఉద్యోగం. కాఫీలు మాత్రం నేరుగా పుచ్చుకున్నారు.

చిన్నోడంటే మా మరిది. పడవ ఇంజిన్ల మెకానిక్. కాదు, మెకానిక్‌గా ఉండేవాడు. మామగారి కాలం నాటి పాత పడవ ఒకటి ఉండేది మాకు. ఆదివారం వస్తే అందరం జలాశయం మీదే. రెండేళ్ళ కిందట ఓ ఆదివారం, చిన్నోడు నడుపుతుండగా నీళ్ళ మధ్యలో ఇంజిన్ కాలిపోయింది. పడవ పాత ఇనుముకి వెళ్ళింది. మర్నాడు మా ఆయన తమ్ముడి షెడ్డుకి వెళ్ళి, పనివాళ్ళందరి ముందూ, పడవ వెనక గొట్టంలోంచి నీళ్ళు వస్తున్నాయో లేదో చూసుకోనివాడివి నువ్వేం మెకానిక్‌వని అడిగి వచ్చారు.

చిన్నోడు ఎదురు చెప్పలేదుట. ఆ మాట నిజమనే అనుకున్నాడు. ఆ రోజు నుంచీ మా గుమ్మం తొక్కలేదు. పడవ ఇంజిన్ ఒక్కటీ ఒప్పుకోలేదు. రేవు పక్కనే ఉన్న ఆ షెడ్డులోనే గడ్డి కోసే మిషన్లూ, ఇళ్ళలో నీళ్ళ మోటార్లూ బాగుచేస్తున్నాడు.

ఆ ఆదివారం నేనూ పడవలోనే ఉన్నాను. కాలిన వాసన అందరికన్నా ముందు నాకే వచ్చింది. దాని గురించి నన్నెవరూ ఏమీ అడగలేదు. అడగని ప్రశ్నకి జవాబు చెప్పడం ఎందుకని నేనూ సర్దుకున్నాను.

ఇవాళ ఆదివారం. పొద్దున్నే లేచి చూస్తే అత్తగారు ఇంజిన్ దిగి, ఇస్త్రీ చీర కట్టుకుని, సంచీ పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నారు.

“పదండి, చూసొద్దాం ఆ పడవేదో,” అన్నారు.

మా ఆయన తన పట్టుదల గెలిచిందనుకున్నారు. నేనేమో కుర్చీలో ఆవిడ నడుం పట్టేసి ఉంటుందనుకున్నాను. నిన్న మధ్యాహ్నం ఆవిడ పెరట్లోకి వెళ్ళి అరగంట ఫోన్లో గుసగుసలాడిన సంగతి నాకు గుర్తురావలసింది. రాలేదు.

పడవ అమ్మే ఆవిడ రిటైరైన నర్సు. రేవులో అందరూ నర్సమ్మగారనే పిలుస్తున్నారు. తెల్లజుట్టు, బిగించి కట్టిన ముడి, మోచేతి దాకా మడిచిన చొక్కా చేతులు. ఇన్నేళ్ళూ అక్కాచెల్లెళ్ళిద్దరూ సెలవు దొరికితే చాలు ఇందులోనే ఉండేవారట. మొన్నటి వానాకాలంలో అక్క పోయింది. ఒక్కదాన్ని లంగరు ఎత్తలేకపోతున్నానండీ అంది. అదేదో లంగరు బరువు సంగతే అయినట్టు.

పడవ తెల్లగా ఉంది. పక్కన నీలం చార. క్యాబిన్లోకి దిగుతూనే మా ఆయన తల ఠంగుమని పైచెక్కకి కొట్టుకుంది. నుదురు రుద్దుకుంటూ పుస్తకం తీసి, ‘తలుపు ఎత్తు తక్కువ’ అని రాసుకున్నారు.

ఆ తర్వాత సౌకర్యాల పరీక్ష. ఆయన టేపు పెట్టి కొలుస్తుంటే నేను నా పద్ధతిలో చూశాను. ఏ వంటింటికైనా నేను వేసే ప్రశ్న ఒకటే. పొయ్యి మీంచి తీసిన మూత ఎక్కడ పెట్టాలి? పెద్దపెద్ద ఇళ్ళలో కూడా దీనికి జవాబుండదు. ఈ పడవలో ఉంది. ఒంటిపొయ్యి పక్కన సింకు, సింకు అంచుమీద మూత పట్టేంత చెక్క. పడవ ఊగితే గిన్నె జారకుండా పొయ్యి చుట్టూ సన్నటి కమ్మీ. పరుపుల కింద చెయ్యి పెట్టి చూశాను, చెమ్మ లేదు. చెంచా తీసుకుని, కుండ కొనేటప్పుడు కొట్టి చూసినట్టు గోడలన్నీ కొట్టుకుంటూ వెళ్ళాను. అంతా గట్టిగా పలికింది. ఎడమ కిటికీ కింద జానెడు మేర మాత్రం మొద్దుగా పలికింది.

నేను అడిగేలోపే నర్సమ్మగారు చెప్పింది. అక్కడ వాన నీళ్ళు దిగి చెక్క మెత్తబడిందనీ, ఆ పలక మార్పించుకోవాలనీ, మా ఆయన్ని అది ముందు రాసుకోమనీ.

ఈ మాట గుర్తుపెట్టుకోండి. నేను పెట్టుకోలేదు.

బెర్తుని పరీక్షించే బాధ్యత అత్తగారిది. మా నేలమీద ఆరడుగులు గీసిన బెర్తు ఇక్కడ అయిదడుగుల పదకొండు అంగుళాలే వచ్చింది. మా ఆయన పొడుగూ సరిగ్గా అంతే. అత్తగారికి మాత్రం కాళ్ళు చాపుకున్నాక ఇంకా జానెడు మిగిలింది. దిండు సర్దుకుని కళ్ళు మూసుకున్నారు.

“ఎలా ఉందమ్మా?” అన్నారు మా ఆయన. మూడు రోజుల్లో తల్లితో నేరుగా మాట్లాడ్డం అదే మొదలు.

“బావుంది. ఇక్కడైతే ఎవరూ నా మీంచి నడవరు.”

అప్పుడాయన వెనకవైపు వెళ్ళి ఇంజిన్ మూత ఎత్తారు. పుస్తకంలో ఇరవై ఏడో ప్రశ్న, చల్లటి ఇంజిన్ తాళం ఎన్ని తిప్పుళ్ళకి అందుకుంటుంది? రాత్రంతా ఆగి ఉన్న ఇంజిన్ ఒక్క తిప్పుకి అందుకుంటే ఆరోగ్యమట. ముందే వేడి చేసి పెడితే ఎంత రోగిష్టి ఇంజినైనా పలుకుతుందట. ఆయన ప్రశ్న చదువుతున్నారు. నేను చెయ్యి పెట్టాను.

పాలు కాచి దించిన గిన్నెలా ఉంది.

నాకెంత సంతోషం వేసిందో చెబితే సిగ్గుచేటు. నలభై ఒక్క ప్రశ్నల మనిషి కనిపెట్టలేనిది నా అరచెయ్యి కనిపెట్టింది. ఆ సంతోషంలో నోరు జారింది అందామంటే, జారలేదు. నింపాదిగా, మాట మాట కూర్చుకునే అన్నాను.

“నర్సమ్మగారూ, మమ్మల్ని రమ్మని, మేమొచ్చేలోపే ఇంజిన్ వేడి చేసి పెట్టారన్నమాట. రోగిని చూపించేముందు మాత్రలు మింగించినట్టు. అలవాటైన పనే కదా మీకు.”

చివరి ముక్క అక్కర్లేదు. అదే నాకు బాగా కుదిరిందనిపించింది.

ఆవిడ ముఖం ఎర్రబడలేదు. చేతిలో ఉన్న గుడ్డని రెండు మడతలు వేసింది, నాలుగు మడతలు వేసింది, ఇంక మడత పడనంత చిన్నది చేసింది.

“అలాంటిదేం లేదమ్మా,” అంది. ఇంకేదో చెప్పబోయి ఆగింది.

“ఆవిణ్ణేమీ అనకమ్మాయ్.” బెర్తులోంచి వచ్చింది అత్తగారి గొంతు. “ఆ ఇంజిన్ వేడెక్కించింది మన చిన్నోడు.”

ఫోను గుసగుసలు నాకప్పుడు గుర్తొచ్చాయి. తల్లి బతిమాలితే వాడు తెల్లారేసరికి పనిముట్ల సంచీతో వచ్చాడట. చల్లటి ఇంజిన్ ఒక్క తిప్పుకే అందుకుందట. గంటసేపు నడిపించి, వదులైన బెల్టు బిగించి, తను వచ్చినట్టు అన్నయ్యకి చెప్పొద్దని నర్సమ్మగారి చేత మాట తీసుకున్నాడట. ఆవిడ ఆ మాట మీద నిలబడే నా మాట పడింది.

నేనేం చేశానంటారా? “కర్టెన్ల గుడ్డ బావుందండీ, ఎక్కడ తీసుకున్నారు?” అన్నాను.

గుమ్మం పొట్టిదనడానికీ దీనికీ ఎంత తేడా ఉందో ఆ క్షణాన కొలవడానికి ఏ టేపూ లేదు. ఆవిడ మర్యాదస్తురాలు. అక్క కుట్టిందండీ అని జవాబు చెప్పింది. నా అరచెయ్యి ఇంకా వేడిగానే ఉంది.

అత్తగారు చేతికర్రతో కిటికీ మీద రెండుసార్లు కొట్టారు. పక్కన కట్టేసి ఉన్న పడవ చాటునుంచి మా మరిది లేచి నిలబడ్డాడు. రెండేళ్ళలో చిక్కాడు. చేతులు తుడుచుకుంటూ వచ్చి, ఎటూ చూడకుండా, “బావున్నావా వదినా,” అన్నాడు.

అన్నగారు పుస్తకంలోకి చూసుకుంటున్నారు. ఆ పేజీలో ఏమీ రాసి లేదు.

నీళ్ళమీద నడిపి చూడడం మిగిలింది. నర్సమ్మగారే నడపాలి. కానీ ఇవాళ తన చేతులు కుదురుగా లేవనీ, ఆ అబ్బాయినే నడపమనండనీ అంది. చేతులు ఎందుకు కుదురుగా లేవో ఆవిడ చెప్పలేదు. నాకు తెలుసు. మా ఆయన వద్దనలేదు. ఔననలేదు. వెనక బెంచీమీద కూర్చుని పెన్సిలు చెక్కుకున్నారు.

ఇరవై రెండు అడుగుల పడవలో నా పాత ఉద్యోగం మళ్ళీ మొదలైంది.

“వదినా, అన్నయ్యని కాస్త కుడివైపు జరగమను. బరువంతా ఒకవైపే ఉంది.”

“వాడితో చెప్పు, ముందు మెల్లగా పోనిమ్మని.”

ఇంజిన్ చప్పుడులో ఈసారి నిజంగానే ఒకరి మాట ఒకరికి వినపడడం లేదు. మొదటిసారి నా మధ్యవర్తిత్వానికి పని దొరికింది.

మెల్లగా పోతే పడవ బుద్ధిగా ఉంది. వేగం పెంచగానే ముక్కు పైకి లేచి, అత్తగారి చేతికర్ర దొర్లుకుంటూ నా కాళ్ళ దగ్గరికి వచ్చింది. కాసేపటికి ముక్కు దిగి, పడవ నీళ్ళమీద సర్దుకుని పరుగు అందుకుంది. నేను గ్లాసునిండా నీళ్ళు పోసి బల్లమీద పెట్టాను. మలుపులో కూడా ఒలకలేదు. మా ఆయన వరసగా టిక్కులు పెట్టుకుంటూ, ఎవరూ చూడడం లేదనుకుని, పెదవి చివర నవ్వుకున్నారు. మామగారు ఉన్నప్పటి ఆదివారాల నవ్వు అది. ఈ పడవ ఆయనకెందుకు కావాలో అప్పుడర్థమైంది. ఎవరు దూరమై ఆ ఆదివారాలు పోయాయో ఆ మనిషి ఎదురుగా స్టీరింగు పట్టుకుని ఉన్నాడు.

వాడు ముందుకి చూస్తున్నంతసేపు వెనక్కీ చూస్తున్నాడు. పది లెక్కపెట్టేలోపు ఒకసారి తల తిప్పి, పడవ వెనక గొట్టంలోంచి నీళ్ళు పడుతున్నాయా అని చూసుకుంటున్నాడు. మెడ నొప్పి పుట్టేంతగా. రెండేళ్ళ కిందట వాడికి ఆ అలవాటు లేదు.

ఉన్నట్టుండి ఇంజిన్ ఆపేశాడు.

అంత చప్పుడు పోయాక నీళ్ళమీద నిశ్శబ్దం చెవులకి గట్టిగా తగులుతుంది. మా ఆయన లేచి నిలబడ్డారు.

“మళ్ళీ ఏం చేశావురా?”

రెండేళ్ళ తర్వాత అన్న తమ్ముడితో నేరుగా అన్న మొదటి మాట.

“వెనక నీళ్ళు రావడం లేదు,” అన్నాడు వాడు నెమ్మదిగా.

నాకు తెలిసినంతలో చెబుతాను. ఈ ఇంజిన్ పడవ అడుగున ఉన్న రంధ్రంలోంచి నీళ్ళు పీల్చుకుని, ఒళ్ళు చల్లబరుచుకుని, వెనక గొట్టంలోంచి వదిలేస్తుంది. ఆ రంధ్రానికి ఏదైనా అడ్డం పడితే నిమిషాల్లో కాలిపోతుంది. పట్టించుకోకుండా నడిపితే.

వాడు పొడుగాటి కర్ర తీసుకుని వెనక అంచుమీద వంగాడు. నేను పక్కనే నిలబడ్డాను. పడవ కిందనుంచి, తొందరేం లేనట్టు, నీలంరంగు ప్లాస్టిక్ సంచి ఒకటి తేలుతూ పైకి వచ్చింది. ఎవరు పారేసిందో. కర్రతో దగ్గరికి లాగి, నీళ్ళు పిండి, నేలమీద పెట్టాడు.

“ఇదే రంధ్రానికి అతుక్కుంది. ఇంజిన్ ఆపగానే పట్టు వదిలేసింది.”

మళ్ళీ ఇంజిన్ తిప్పాడు. అందుకుంది. వెనక నీళ్ళు ధారగా పడ్డాయి. చెయ్యి పెట్టి చూశాడు, చన్నీళ్ళే. ఏమీ కాలేదు. ఇంజిన్ ఆపి, స్టీరింగు మీద రెండు చేతులూ ఆనించి, అన్న వైపు చూడకుండా అన్నాడు.

“ఆ రోజు కూడా ఇలాంటిదే అయ్యుంటుంది అన్నయ్యా. నేను వెనక్కి చూడలేదు. వేడి చూపించే సూది పనిచెయ్యదని తెలిసీ, దాన్నే చూస్తూ కూర్చున్నాను. నువ్వన్నది నిజమే. తప్పు నాదే.”

 అందరం మా ఆయన వైపు చూశాం. నర్సమ్మగారు కూడా. ఆనాడు షెడ్డులో పనివాళ్ళ ముందు అన్నది ఎక్కువేనని ఆయనకి తెలుసు, ఇందాక మళ్ళీ ఏం చేశావురా అన్నది కూడా తప్పేనని తెలుసు. పెన్సిలు పుస్తకం మీద ఆనింది. రాయలేదు. నోరు కొంచెం తెరుచుకుంది. ఇరవై నాలుగేళ్ళుగా నేను ఎదురుచూస్తున్న మాట ఆ పెదవుల దాకా వచ్చి అక్కడే తచ్చాడుతోంది.

అప్పటికే నేను ఆయన్ని చూడడం మానేశాను. నేలమీద సంచిని చూస్తున్నాను.

ఆ ఆదివారం సంచి తెల్లది. మధ్యాహ్నం భోజనాలకి కూరలు తరిగి, తొక్కలన్నీ దాన్లో వేశాను. చెత్తబుట్ట నిండిపోయింది. పడవలోంచి పూచికపుల్ల నీళ్ళలో వెయ్యకూడదని అందరికీ సుద్దులు చెప్పేది నేనే. ఎవరూ చూడకుండా అంచుమీంచి తొక్కలు దులిపాను. సంచి చేతిలోంచి జారింది. పోతే పోయిందిలే అనుకున్నాను. కాసేపటికి వాసన వచ్చింది. ఇంజిన్ ఆగిపోయాక మగవాళ్ళిద్దరూ మూత ఎత్తి లోపలికి చూస్తుంటే, నా వైపు, నేను నిలబడ్డ చోటికి సరిగ్గా కింద, ఆ తెల్ల సంచి తేలుతూ పైకి వచ్చింది. చెయ్యి చాపితే అందేది. చాపలేదు. గాలికి అది దూరంగా వెళ్ళేదాకా నిలబడి చూశాను.

ఇంజిన్ సంగతి నాకేం తెలుసులే అనుకున్నాను. ఈమధ్య మా ఆయన ఆ నలభై ఒక్క ప్రశ్నలూ బిగ్గరగా చదువుతుంటే, నీళ్ళు పీల్చే రంధ్రానికి సంచో నాచో అడ్డం పడితే ఏమవుతుందన్న ముప్ఫై మూడో ప్రశ్న దగ్గర తెలిసింది. అది విన్న రోజు కూడా నోరు విప్పకుండా సుద్దగీతల చుట్టూ ఊడుస్తూనే ఉన్నాను.

“పోనీలేరా,” అన్నారు మా ఆయన చివరికి. “నువ్వు ఒప్పుకున్నావు, అది చాలు.”

చిన్నోడు తలూపాడు. క్షమించినందుకు కృతజ్ఞతతో. అది చూడలేకపోయాను.

“నర్సమ్మగారూ,” అన్నాను.  “ఇందాక మీతో అన్నది తప్పు. చాలా తప్పు. కానీ దానికన్నా పాతది ఒకటుంది, అది ముందు చెప్పాలి.”

బెర్తులో అత్తగారు కళ్ళు తెరవలేదు. ఊపిరి మాత్రం బిగపట్టారు. మా ఆయన పెన్సిలు దొర్లి నీళ్ళలో పడింది. ఎవరూ దానికోసం వంగలేదు.

“చిన్నా, ఇటు చూడు. ఆ రోజు ఇంజిన్ కాలింది నీ వల్ల కాదు. సంచి నేను పారేశాను. తేలి వస్తే చూశాను. చూసి, ఈ రెండేళ్ళూ నోరు మూసుకున్నాను. తప్పు నాది.”